మట్టిని అడిగే విత్తుతాం

మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో సేద్యం చేసుకునేవాళ్లం. కొందరికి సొంత చేలున్నాయి, కొందరివి కౌలు చేలు. ఈ ఏడు బుడ్డశనగ విత్తే ముందు కూర్చుని అనుకున్న మాటలివి.

మట్టి పరీక్ష చీటీ చూడనిదే డీఏపీ బస్తా ఎత్తం. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం ఉంటుంది. సున్నం పాలు ఎక్కువున్న మా నల్లరేగడి అందులో చాలా భాగాన్ని పట్టేసుకుని పైరుకు అందనివ్వదు. నత్రజని సంగతంటారా, శనగ వేర్ల బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా చాలావరకు గాలి నుంచే తెచ్చిపెడుతుంది. అందుకే ముందు విత్తనానికి రైజోబియం పట్టిస్తాం. చీటీలో లోటు కనబడితేనే, కనబడినంత మేరకే ఎరువు.

పరీక్షకు మన్ను తీసేటప్పుడు మోసం చేసుకోం. గెనిమ పక్కన, చెట్టు కింద, దిబ్బెరువు పోసిన చోట తీయం. చేనంతా తిరిగి ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, అరకిలో పంపుతాం. చీనీ తోటల్లో ఇంకా లోతుకు దిగి ఒక్కో అడుగు లోతుకూ వేరుగా తీస్తాం. బోరు నీళ్లూ పరీక్షకు పంపుతాం. చౌడు చాలాసార్లు ఆ నీళ్ల వెంటే వస్తుంది.

పులివెందుల వైపు అరటి గెల కోశాక బోదెలు గట్టున పారేయం. వాటిలో పొటాష్ ఉంది, నరికి సాళ్లలోనే పరుస్తాం. తెగులు తగిలిన చెట్లు మాత్రం తోట దాటాల్సిందే. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టం.

2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నేర్పుతున్న ప్రకృతి సేద్యం చేసేవాళ్లూ, రసాయన ఎరువు వేసేవాళ్లూ మాలో ఉన్నారు. ఎవరినీ వెలివేయం. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచడం మాత్రం ఇద్దరికీ పనికొస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన మాట కౌలుది. దిబ్బెరువు సత్తువ రెండు మూడు పంటల దాకా నిలుస్తుంది. వచ్చే ఏడు చేను ఎవరి చేతికి పోతుందో తెలియని మనిషి దిబ్బెరువో చెరువు మట్టో ఎందుకు తోలతాడు? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే కార్డు గడువు 11 నెలలే. నేలను పాడుచేస్తున్నాడని అతణ్ణి తిట్టడం అన్యాయం. ప్రభుత్వం ఆ గడువు పెంచాలి. పెంచేదాకా ఆగకుండా, మాలో సొంత చేలున్నవాళ్లం కౌలుదారులకు మూడేళ్లకు కాగితం రాసిస్తాం. ఊళ్లోకి గొర్రెల మంద వస్తే ఎరువు కోసం మొదటి రాత్రి ఆ కౌలు చేలలోనే నిలుపుతాం.