వేడివేడిగా... అమ్మకి కూడా!

ఆ మధ్య మా తమ్ముడు బెంగుళూరులో కొత్త ఉద్యోగంలో చేరాడు. మొదటి జీతం అందగానే "అమ్మనూ అక్కలనూ మంచి హోటలుకు తీసుకుపోతా" అని పట్టుబట్టాడు. అమ్మ పుంగనూరు నుంచీ, నేను మదనపల్లె నుంచీ బస్సుల్లో వెళ్ళాం. కుప్పం నుంచి అక్క రైల్లో వచ్చింది. వాడు తీసుకెళ్ళింది బార్బెక్యూ హోటలుకి.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. బల్ల మధ్యలో ఒక గుంట ఉంటుంది. కుర్రాళ్ళు వచ్చి ఎర్రగా కాలే బొగ్గుల పళ్ళెం ఆ గుంటలో దించుతారు. దానిమీద కోడిమాంసం, చేప, రొయ్యలు, పనీరు, పుట్టగొడుగులు గుచ్చిన ఇనుప చువ్వలు పేరుస్తారు. చివరికి అనాసపండు ముక్కలు కూడా దాల్చినచెక్క పొడి చల్లి కాల్చిపెట్టారు! బల్లమీద ఒక చిన్న జెండా ఉంటుంది. అది నిలబడి ఉన్నంతసేపూ తెస్తూనే ఉంటారు. చాలు అనుకున్నప్పుడు మనమే దాన్ని దించాలి. మన దేశంలో ఈ పద్ధతి జనానికి బాగా తెలిసింది 2006లో ముంబయిలో బార్బెక్యూ నేషన్ మొదలయ్యాకే. ఇప్పుడు అలాంటివి చాలానే వచ్చాయి.

బొగ్గులు చూడగానే మా అమ్మ అన్న మాట వినండి. "ఏంరా నాయనా, పొగ పోవాలని గ్యాసు పెట్టుకుంటిమి. ఇప్పుడు పొగ వాసన కోసరం దుడ్లు ఇస్తా ఉండామా?"

మేమంతా నవ్వేశాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. 1999లో దీపం పథకం వచ్చేనాటికి నేను బడికి పోయే పిల్లని. అంతకుముందు అమ్మ కట్టెలపొయ్యి ముందు గొట్టంతో ఊదుతూ, కళ్ళు తుడుచుకుంటూ వండటం నాకింకా గుర్తే. ఆమెకి నిప్పు అంటే పని. మాకది వినోదం అయింది.

ఇక రుచుల సంగతి. వడ్డించే కుర్రాడు ఒక్కొక్కటీ పేరు చెప్పి పెట్టాడు. ఇది పెరి పెరి, ఇది జపాను వాళ్ళ తెరియాకి, ఇది మెక్సికో పద్ధతి అంటూ! అక్క రెండు ముక్కలు తిని "అన్నీ తియ్యగానే ఉండాయే" అని పెదవి విరిచింది. తమ్ముడికి కోపం వచ్చింది. "మీకు ఎంతసేపూ ఆ సంగటీ ఊరిబిండే. ప్రపంచం రుచులు మీకెట్లా తెలుస్తాయి?" అన్నాడు.

ఇక్కడే నాకో మాట చెప్పాలనిపించింది. మన సంగటి పళ్ళెంలో ప్రపంచం లేదా? రాగులు వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా కొండసీమల్లో సాగై, తరువాత మన దేశానికి వచ్చిన పంట. ఊరిబిండిలోకి నూరే చెనిక్కాయలు దక్షిణ అమెరికావి. మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దాకా వచ్చింది. ఆ మిరపకాయే ఆఫ్రికాకి వెళ్ళి 'పెరి పెరి' అయింది! మా మదనపల్లె మార్కెట్టుకి దేశమంతటా పేరు తెచ్చిన టమేటా పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికాయే. ఆ బార్బెక్యూ అన్న మాట మాత్రం ఎక్కడిది? కరీబియన్ దీవుల మూలవాసులు కర్రల పందిరి మీద మాంసం కాల్చుకునేవారట. ఆ పందిరి పేరే స్పెయిన్ వాళ్ళ నోట పడి ఈ రూపానికి వచ్చిందంటారు. దూరదేశాల సరుకుల్ని మన రోట్లో నూరి మనవి చేసుకున్నది ఎవరు? పేరు లేని మన అవ్వలే కదా! కాబట్టి తెరియాకి తింటే తప్పూ లేదు, సంగటి తింటే నామోషీ లేదు.

అయితే నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి రుచి గురించి కాదు.

ఆ రోజు అమ్మ కూర్చుని తినింది! మాతోపాటు, అదే సమయానికి, వేడివేడిగా. మొదట్లో ఆమె చెయ్యి ఊరుకోలేదు. చువ్వలు తిప్పడం, కాలిన ముక్కలు మా పళ్ళేల్లోకి తొయ్యడం. నేనూ అదే పని చేస్తున్నానని కాసేపటికి గానీ గమనించలేదు. అక్కా అంతే! ముగ్గురు ఆడవాళ్ళం, డబ్బిచ్చి తినే చోట కూడా వడ్డన మానలేదు. చివరికి వడ్డించే కుర్రాడే "మీరు తినండమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. అమ్మ ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. ఆ తరువాత నిదానంగా, ఇష్టంగా తినింది. చేప రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. నాకు ఊహ తెలిశాక అమ్మ "ఇంకొంచెం వెయ్యి" అనడం వినడం అదే మొదలు.

ఇంట్లో అమ్మ ఎంత తినాలన్నది ఆమె ఆకలి చెప్పదు, గిన్నెలో మిగిలింది చెబుతుంది. ముక్కలన్నీ అయిపోతే పులుసుతోనే సరిపెట్టుకుంటుంది. ఆ హోటల్లో మాత్రం చిన్న జెండా ఆమె చేతికందేలా ఉంది. తనకి చాలనిపించినప్పుడు తనే దించింది.

ఇదేదో సెంటిమెంటు మాట అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉంటాయి, కాదనను. కానీ అందరికంటే చివర, మిగిలినదానితో కడుపు నింపుకునే అలవాటు ఒంటికి మేలు చేస్తుందని ఎవరైనా అనగలరా?

మరో సంగతి కూడా కంటపడింది. ఆ హోటల్లో నిప్పుల దగ్గర నిలబడినవాళ్ళంతా మగపిల్లలే. ఎంత ఒడుపుగా కాలుస్తున్నారో! "మగవాడికి వంట చేతకాదు" అన్న మాట ఎంత అబద్ధమో అక్కడ తెలిసింది. జీతం వచ్చే పొయ్యి దగ్గర చేతనైనది, ఇంటి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చేతకాకుండా పోతుంది?

"అయితే వారం వారం హోటలుకి పోదామంటావా?" అని మీరడగొచ్చు. అనను. ఆ రోజు బిల్లు మా ఇంటి నెల సరుకుల్లో సగానికి వచ్చింది. ఇచ్చిన డబ్బుకి గిట్టుబాటు కావాలని కడుపు పట్టనంత తినేవాళ్ళనీ, పెట్టించుకుని వదిలేసేవాళ్ళనీ చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఆ హోటలు నుంచి ఇంటికి తెచ్చుకోవలసింది సాసు సీసాలు కాదు, అందరూ ఒకేసారి కూర్చునే పద్ధతి.

ఇంటికొచ్చాక నేనొక నియమం పెట్టుకున్నాను. వండినవన్నీ మధ్యలో పెట్టి, నేనూ కూర్చుంటాను. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకుంటారు. మొదట్లో మావారు "మంచినీళ్ళు?" అని అలవాటుగా నా వైపు చూశారు. నేను కదల్లేదు. ఆయనే లేచి తెచ్చుకున్నారు, నాకూ ఒక గ్లాసు తెచ్చారు! దోసెల రోజు మాత్రం చిక్కే. ఎవరో ఒకరు పెనం దగ్గర నిలబడాలి కదా! అందుకని వంతులు వేసుకున్నాం. మావారి దోసె ఇంకా గుండ్రంగా రాలేదు. అయినా వేడిగా ఉంటోంది, అది చాలు.

సంగటికి ఆ ఇబ్బంది కూడా లేదు చూడండి. ఒక్కసారి కెలికి, ముద్దలు చేసి మధ్యలో పెడితే ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చోవచ్చు.

మొన్న పుంగనూరు వెళ్ళినప్పుడు అమ్మ మామూలుగానే "మీరు తినండి, నేను తర్వాత తింటా" అంది. తమ్ముడు లేచి, పీట వేసి, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "జెండా ఇంకా దించలేదు కదమ్మా!" అన్నాడు. అమ్మ నవ్వుతూ పళ్ళెం ముందుకు జరుపుకుంది.

మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు? ఈ రాత్రికి ఆమెకి కూడా ఒక పీట వెయ్యండి. ఆమె మీరే అయితే, ఎవరో వేస్తారని చూడకుండా మీ పీట మీరే వేసుకోండి.