చెల్లో పొట్ట మీద డోలు దెబ్బ
(పేట కబుర్లు – 14)

పోయిన భాగంలో చర్చి డోలక్ గురించి రాశాను. ఈసారి కొంచెం దూరం తీసుకెళ్తాను, ఓపిక పట్టండి.

రోహన్ డి సారమ్ అని ఒక చెల్లో కళాకారుడు. చెల్లో అంటే వయొలిన్‌కి పెద్దన్న. కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. తల్లిదండ్రులు సిలోన్ వాళ్ళు, ఈయన పుట్టింది 1939లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో. పదకొండేళ్ళకే ఇటలీలో గాస్పర్ కసాడో దగ్గర చేరారు, తర్వాత పాబ్లో కసల్స్ దగ్గర కూడా నేర్చుకున్నారు. 2024 సెప్టెంబరులో చనిపోయారు. ఆ వయసు పిల్లాణ్ని ఇటలీ పంపగలిగే ఇల్లు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. మన పేట పిల్లలకి ఆ వయసులో హాస్టల్ సీటు దొరికితేనే పండగ.

అయినా ఈయన గురించి రాస్తున్నానంటే కారణం ఉంది. ఆ చేతికి బాఖ్, ద్వొరాక్ వాయించుకుంటూ హాయిగా బతికేయొచ్చు. అలా చెయ్యలేదు. 1970ల చివర్లో లండన్‌లో ఆర్డిట్టి క్వార్టెట్‌లో చేరి, 2005 దాకా ఆ రోజుల్లో కొత్తగా రాస్తున్న సంగీతాన్నే మోశారు. జెనాకిస్, లిగెటి లాంటివాళ్ళవి. చప్పట్లు వస్తాయో రావో తెలియని సంగీతం. 1995లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టాక్‌హౌజెన్ రచన కోసం నలుగురూ నాలుగు హెలికాప్టర్లెక్కి గాల్లో వాయించారు. నాకైతే అది డబ్బున్నోళ్ళ సరదాలాగే అనిపించింది, దాచుకోను.

నన్ను పట్టుకున్నది వేరే రచన. 2002లో ఇటలీ స్వరకర్త లుచియానో బేరియో ఈయన కోసం రాసిన ‘సెక్వెంజా 14’. డి సారమ్‌కి శ్రీలంక కాండ్యన్ డోలు కూడా వచ్చు. ఆ దరువుల్ని బేరియో చెల్లోలోకి తెచ్చాడు. వాయించేవాళ్ళు కమాను వదిలి చెల్లో పొట్ట మీద చేత్తో కొడతారు. వింటుంటే నాకు మా ఊరి తీర్థం గుర్తొచ్చింది.

ఆ డోలు పేరు గెట బెర. తరతరాలుగా దాన్ని వాయించింది బెరవా కులం వాళ్ళు. సింహళ కులాల మెట్లలో కింద ఉంచబడ్డవాళ్ళు. బౌద్ధ దేశంలో కూడానండి! 1950లో బాబాసాహెబ్ బౌద్ధుల సదస్సుకి వెళ్ళింది కూడా ఆ సిలోన్‌కే. గుడి పూజకి డోలు కావాలి, కొట్టేవాడు మాత్రం కిందే. ఆ రచన గురించి చదివిన చోటల్లా ‘కాండ్యన్ డోలు’ అనే ఉంది. బెరవా అన్న మాట నాకు కనపడలేదు.

కోపమొచ్చింది. వెంటనే సిగ్గేసింది.

నేను రాజోలు వైపు మాల ఇంట్లో పుట్టాను. చర్చిలో కీబోర్డు మాది, డప్పు పక్క పేటలో మాదిగోళ్ళది. “అది మనది కాదురా” అని మా పెద్దలు అంటే తలూపాను. చదువుకుని, ఉద్యమంలోకొచ్చి, అంబేద్కర్ జయంతి కరపత్రం నేనే రాశాను. అందులో పదహారు పేర్లు. చివర్లో ‘డప్పు కళాకారుల ప్రదర్శన కలదు’ అని ఒక్క ముక్క. మధ్యాహ్నం ఎండలో ఊరేగింపంతా కొట్టించాం. సభ మొదలవగానే ఆపమన్నాం, మైకు కోసం. వాళ్ళలో పెద్దాయన నా దగ్గరికొచ్చి, “మా పేర్లు వెయ్యలేదేంటి బాబూ?” అన్నాడు. చోటు చాలలేదు తాతా అన్నాను. పదహారు పేర్లకి చాలిన చోటు!

బేరియో కనీసం కూర్చుని విన్నాడు. మనం జనాన్ని పోగెయ్యడానికి డప్పు కొట్టించి, జనం వచ్చాక ఆపిస్తాం. వేదిక మీద అరగంట ఇచ్చి, కొత్త దరువు కట్టమని అడిగి, అందరం కింద కూర్చుని విన్న సభ ఒక్కటైనా ఉందా? వర్గీకరణ మీద రాత్రంతా వాదించుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇరువైపుల వాళ్ళూ చెప్పండి. కూలి ఎంతిచ్చారో కూడా చెప్పండి.

వచ్చే ఏప్రిల్ 14కి మీ ఊళ్ళో కరపత్రం ఎవరు రాస్తున్నారో కామెంట్లో పెట్టండి. అచ్చుకి వెళ్ళేముందు ప్రూఫ్ నాకోసారి పంపండి.