పింఛను మొత్తాన్నీ అర్హత పరిమితినీ ఏటా ధరలను బట్టి సవరించాలని కోరుతూ కడప జిల్లా వృద్ధుల వినతిపత్రం

గౌరవనీయులైన వై.ఎస్.ఆర్. కడప జిల్లా కలెక్టర్ గారికి,
తమరి ద్వారా రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖకు

అయ్యా,

మేము జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు, బద్వేలు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లోని ముసలివాళ్లం, వితంతువులం, మగ్గం దిగిన నేతపనివాళ్లం. మాలో పింఛను తీసుకుంటున్నవాళ్లున్నారు, మధ్యలో ఆగిపోయినవాళ్లున్నారు, అర్జీ పెట్టుకుని సచివాలయం చుట్టూ తిరుగుతున్నవాళ్లూ ఉన్నారు. అందరి తరఫునా ఈ విన్నపం తమరి ముందు ఉంచుతున్నాం.

ముందుగా ఒక మాట. 2024 జూలై 1న 4,000 రూపాయల పింఛనూ, ఏప్రిల్ నుంచి పెంచిన బకాయి 3,000 రూపాయలూ కలిపి 7,000 మా చేతికి వచ్చాయి. దేశంలో వృద్ధులకు ఇంత ఇస్తున్న రాష్ట్రాలు అరుదు. ఒకటో తేదీన ఇంటి గడప దగ్గరే డబ్బు అందుతోంది. భర్త పోయిన ఇల్లాలికి మరుసటి నెల నుంచే ఆ పింఛను బదిలీ చేయాలన్న నిర్ణయమూ మంచిది. వీటికి కృతజ్ఞులం. మా బాధ ఇస్తున్న మొత్తం గురించి కాదు, ఆ మొత్తానికి రక్షణ లేకపోవడం గురించి.

పింఛను పెరిగిన తీరు ఒకసారి చూడండి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హయాంలో 200 అయింది. 2014 అక్టోబరు 2 వరకు అక్కడే నిలిచిపోయింది. ఆ రోజు 1,000 అయింది. మళ్లీ నాలుగేళ్లకు పైగా కదల్లేదు. 2019 ఎన్నికల ముందు 2,000, ఎన్నికల తర్వాత 2,250. 2022, 2023, 2024 జనవరి నెలల్లో 250 చొప్పున పెరిగి 3,000కు చేరింది. తర్వాత ఎన్నికలు, 4,000. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పెద్ద పెంపుదల ఎన్నికల ఏడులోనే వచ్చింది. ఆ మూడు జనవరుల పెంపు ఒక్కటే కాస్త క్రమంగా నడిచింది. అదీ 250 అని ముందే అనుకున్న అంకె, ఆ ఏడు ధరలు ఎంత పెరిగాయన్న లెక్క మీద వేసింది కాదు. ధరలు మాత్రం ఎన్నికల కోసం ఆగవు. ఏటా 5 శాతం చొప్పున పెరిగితే, అయిదేళ్ల తర్వాత మా చేతిలోని 4,000 ఇప్పటి 3,134 రూపాయల సరుకు మాత్రమే తేగలుగుతుంది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే మా పింఛనులో 866 రూపాయల కోత పడుతుంది.

ఇందులో మాకు అన్నింటికంటే మింగుడుపడనిది మందుల సంగతి. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల గరిష్ఠ ధరను టోకు ధరల సూచీని బట్టి ఏటా సవరిస్తారు. 2022 ఏప్రిల్‌లో దాదాపు 10.8 శాతం, 2023 ఏప్రిల్‌లో 12 శాతానికి పైగా పెంచుకోవడానికి కంపెనీలకు అనుమతి దక్కింది. అంటే మేము వాడే బీపీ మాత్రకు సూచీ రక్షణ ఉంది, ఆ మాత్ర కొనుక్కునే పింఛనుకు లేదు. ప్రభుత్వ ఉద్యోగం చేసి దిగిన వారికి కరువు భత్యం సూచీ ప్రకారమే లెక్కకడతారు. ఉపాధి హామీ కూలిని వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీని బట్టి 2011 నుంచి సవరిస్తూ వచ్చారు. మందుల కంపెనీకీ, ఉద్యోగికీ, కూలికీ వర్తించిన న్యాయం పని చేయలేని ముసలివాళ్ల దాకా ఎందుకు రాలేదు?

కేంద్రం వాటా సంగతి మరీ దయనీయం. ఇందిరాగాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద 60 నుంచి 79 ఏళ్ల వారికి ఢిల్లీ ఇచ్చేది ఇప్పటికీ నెలకు 200 రూపాయలే. ఆ 200 నిర్ణయమైంది 2006లో. ఆనాడు పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ 120 దగ్గర ఉంది. 2024 చివరికి, అదే ఆధారానికి మార్చి చూస్తే, 410 దాటింది. ఆనాటి 200 విలువ నిలవాలంటే నేడు 680కి పైగా ఇవ్వాలి. ఈ మొత్తాన్ని పెంచి సూచీతో ముడిపెట్టాలని కేంద్రం నియమించిన, మిహిర్ షా నాయకత్వంలోని కార్యదళం 2013లోనే చెప్పింది. ఇన్నేళ్లయినా 200 కదల్లేదు. కంపెనీల్లో, మిల్లుల్లో చేసి దిగినవారికి ఇచ్చే ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కనీస పింఛను కూడా 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి దగ్గరే ఉంది.

ఇక అర్హత విషయం. మా గోడులో సగానికి మించి ఇక్కడే ఉంది.

ఆరు అంచెల పరిశీలన ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. ఈ పరిమితి అమల్లోకి వచ్చిన 2020 జనవరిలో దేశ వినియోగ ధరల సూచీ 150 దగ్గర ఉంది. 2024 డిసెంబరుకు 195 దాటింది. ఆనాటి 10,000 ఈనాటి 13,000తో సమానం. పరిమితి మాత్రం ఇంకా 10,000 దగ్గరే ఉంది. కూలి లెక్కలో చూస్తే ఇది ఎంత అన్యాయమో తెలుస్తుంది. 2020-21లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 237 రూపాయలు. ఒక ఇంట్లో కొడుకూ కోడలూ కలిసి నెలకు 43 పనిదినాలు చేస్తే గానీ 10,000 దాటేది కాదు. 2025-26లో కూలి 307. ఆ లెక్కన 33 పనిదినాలకే దాటిపోతుంది. ఆ ఇల్లు బాగుపడిందీ లేదు, కొత్తగా కొన్నదీ లేదు. కూలి ధరల వెంట పెరిగింది, పరిమితి పెరగలేదు, ఆ తేడాలో అవ్వ పింఛను పోతుంది. ధరల పెరుగుదల మమ్మల్ని రెండు వైపుల నుంచీ దెబ్బ తీస్తోంది. ఇచ్చేదాని విలువ తరిగిపోతోంది, తీసుకునే అర్హతా తరిగిపోతోంది.

భూమి నిబంధన ఈ జిల్లాకు ఏ మాత్రం పొసగదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిసినా 10 ఎకరాలు మించరాదన్నారు. కోస్తాలో కాలువ కింద 3 ఎకరాలూ, లింగాలలోనో చక్రాయపేటలోనో వాన కోసం చూసే 10 ఎకరాలూ ఒకే తూకం అని ఎవరు తేల్చారో మాకు తెలియదు. చెనిక్కాయ విత్తి, ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే విత్తనం ఖర్చు కూడా తిరిగిరాదు. పెద్దముడియం, రాజుపాళెం నల్లరేగళ్లలో శనగ వేసే రైతుకూ అదే గతి. బోరు ఎత్తిపోయి చీనీ చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్ముకున్న రైతు పేరిట రికార్డులో తోట తోటగానే మిగిలి ఉండవచ్చు. తాత పేరు మీదున్న పొత్తు భూమి అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుని సాగు చేసుకుంటుంటే, భూమి రికార్డు 1బిలో అదంతా ఇంకా ఆయన ఆస్తే. కంప్యూటరు ఎకరాలు చూస్తుంది, ఆ ఎకరాల్లో పండిందేమిటో చూడదు.

కరెంటు మీటరూ అంతే. ఒకే మీటరు మీద ఇద్దరు కొడుకుల సంసారాలు నడిచే ఇళ్లు మా పల్లెల్లో చాలా ఉన్నాయి. మే నెలలో ఇక్కడి ఎండకు కూలరు వేసుకోకుండా పసిబిడ్డలూ ముసలివాళ్లూ ఎట్లా బతుకుతారు? నెలకు 300 యూనిట్లు దాటితే పింఛను లేదంటున్నారు. కానీ అది సంపదకు గుర్తు కాదు, ఆ ఇంట్లో తలలు ఎక్కువన్న గుర్తు. కువైట్ నుంచి తిరిగొచ్చిన కొడుకు బతుకుతెరువు కోసం ఫైనాన్సులో పాత కారు కొని, టాక్సీగా రిజిస్ట్రేషను చేయించకపోతే, తల్లి పింఛనుకు అది అడ్డం.

కొడుకు ఆదాయం లెక్కలోకి తీసుకునేటప్పుడు ఆ కొడుకు అన్నం పెడుతున్నాడా అని ఎవరూ అడగరు. బెంగళూరులో వేరు కాపురం పెట్టి పదేళ్లయినవాడు కూడా ప్రభుత్వ రికార్డుల కుటుంబ మ్యాపింగులో తల్లితోనే కలిసి ఉంటాడు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. నెలకు 10,000 దాకా భరణం ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. కానీ కన్నకొడుకు మీద కేసు పెట్టే తల్లులు ఎందరుంటారు? పింఛను ఆపడానికి కొడుకు జీతం పనికొచ్చి, అదే జీతంలోంచి ఆమెకు ముద్ద సంగటి అయినా అందేలా చూడటం మాత్రం ఎవరి బాధ్యతా కాకపోతే ఆమె ఎవరిని అడగాలి?

అనర్హులు ఉంటే తీసేయండి. ఉన్నవాళ్లు తింటుంటే మాకూ నష్టమే, దాన్ని మేము సమర్థించం. కానీ తీసేసే ముందు మనిషిని చూడండి.

తమరి చేతిలో ఉన్న పనులు మొదట కోరుతున్నాం. ఏ పింఛను ఆపాలన్నా 30 రోజుల ముందు కారణం తెలుగులో రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలు తేలేవరకు చెల్లింపు సాగాలి. భూమి, మీటరు, మ్యాపింగు కారణాలతో ఆగిన కేసులను మండలానికో రోజు కేటాయించి రెవెన్యూ, విద్యుత్, సంక్షేమ సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టి గ్రామసభ ఎదుట పరిశీలించాలి. అక్కడ తేలిన వాస్తవాలను జిల్లా నివేదికగా ప్రభుత్వానికి పంపాలి.

రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేది: పింఛను మొత్తాన్నీ ఆదాయ పరిమితినీ ఏటా ఏప్రిల్ 1న వ్యవసాయ కార్మికుల ధరల సూచీ ప్రకారం దానంతటదే పెరిగేలా చట్టం చేయాలి. రాజస్థాన్ 2023లో కనీస ఆదాయ హామీ చట్టం తెచ్చి, పింఛనుకు ఏటా 15 శాతం పెంపును అందులోనే రాసింది. అమెరికాలో వృద్ధాప్య పింఛను 1975 నుంచి ధరలతో పాటు ఎవరూ అడగకుండానే పెరుగుతోంది. మన దగ్గర అది అసాధ్యం కాదు. కరువు మండలంగా ప్రకటించిన చోట ఆ ఏడు మెట్ట భూమి పరిమితి వర్తించకూడదు. వేరు కాపురం ఉన్న బిడ్డల ఆదాయం, వాహనం తల్లిదండ్రుల ఖాతాలో వేయకూడదు. కరెంటు యూనిట్లను ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగించి చూడాలి.

కేంద్రం తన 200 రూపాయల వాటాను 2006 నాటి విలువకు తగ్గకుండా సవరించి, ఇకమీదట ఏటా పెంచాలి. వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కుకు ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 41వ అధికరణ రాజ్యానికి చెప్పింది. మేము ఆ మాటనే గుర్తు చేస్తున్నాం.

వచ్చే బడ్జెట్ సమావేశాల లోపల ఈ విన్నపం మీద ఏ నిర్ణయం తీసుకున్నారో మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
వై.ఎస్.ఆర్. కడప జిల్లా వృద్ధులు, వితంతువులు, నేత పింఛనుదారులు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)