ఒంటరి కొండనడక

మా పాఠశాలలో చదివి, ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్న యువకుడొకడు ఈ వేసవి సెలవులలో హిమాలయములందలి సరస్సులను చూచుటకు ఒంటరిగా పోవ నిశ్చయించుకొన్నాడు. తల్లి వలదని పట్టుబట్టినది. ఇరువురును మా అభిప్రాయము నడిగిరి. ఇట్టి కోరిక మన విద్యార్థులలో మఱికొందఱికిని కలదు గనుక మా ప్రత్యుత్తరమును ఇచ్చట ప్రకటించుచున్నాము.

ఏకాంతసంచారమును మేము నిందింపము. తెల్లవారుజామున తార్నాక వైపునుండి విశ్వవిద్యాలయ ఆవరణమున ప్రవేశించి, బండరాళ్లను చెట్లను చూచుచు, 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల భవనము దాక ఒక్కడే నడచి వచ్చిన బాలునకు, గుంపుతో పోయినవానికి దొరకని నిశ్శబ్దము దొరకును. అచ్చట దారి తప్పినను అడుగుటకు మనుష్యులు గలరు.

ఎత్తైన సరస్సుల సంగతి వేఱు. వానిలో ఒకదాని కథ తార్నాక వారికి పొరుగు కథయే. గఢ్వాలు కొండలలో త్రిశూల శిఖరము క్రింద, సుమారు 16,500 అడుగుల ఎత్తున, రూప్‌కుండ్ అను చిన్న సరస్సు గలదు. దాని యొడ్డున వందలకొలది మనుష్యుల ఎముకలు పడియున్నవి. తార్నాకనుండి ఉప్పలు పోవు దారిలో హబ్సిగూడ యందున్న సి.సి.యం.బి. పరిశోధనాలయము వారు విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి 38 మంది ఎముకలను పరీక్షించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. వారందఱును ఒక్కనాడు చచ్చినవారు కారు. 23 మంది మన దేశపు జాతులవారు, వేయి సంవత్సరములకు పూర్వపువారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు వంశీయులు, సుమారు 1800 నాటివారు. వారు అంత దూరము ఏల వచ్చిరో ఎవరికిని తెలియదు. కొన్ని పుఱ్ఱెలపై గుండ్రని దెబ్బలుండుటచే వడగండ్లే కారణమని పూర్వము కొందఱు శాస్త్రజ్ఞులు తలంచిరి.

తల్లులు దొంగలకును మృగములకును భయపడుదురు. మేము భయపడునది చలికిని పలుచని గాలికిని. వేయి అడుగులు ఎక్కినకొలది సుమారు రెండు డిగ్రీల వేడి తగ్గును. మన ఊరికిని ఆ సరస్సునకును ముప్పది డిగ్రీల భేదము. అచ్చట ఒక్కొక్క ఊపిరికి దొరకు ప్రాణవాయువు ఇచ్చటిదానిలో సగమునకు కొంచెము మాత్రమే మించును. మొదట తలనొప్పి, వాంతులు. ముదిరినచో త్రాగినవానివలె తూలుటయు మతి చెదరుటయు. దీనిలోని మోసమేమనగా, ప్రమాదమును గుర్తింపవలసిన బుద్ధియే ముందు చెడును. “నాకేమియు కాలేదు” అని రోగియే వాదించును. చేయి పట్టి క్రిందికి దింపుటకు రెండవవాడు కావలెను. ధైర్యము ఈ లోపమును పూరింపజాలదు.

కావున పదివేల అడుగులు దాటిన పిమ్మట రాత్రి బసను దినమునకు 1,600 అడుగుల కంటె ఎక్కువ పెంచరాదు. తలనొప్పి తగ్గనిదే పైకి పోరాదు. అచ్చటి చట్టములను విచారింపవలెను. ఉత్తరాఖండ ఉన్నత న్యాయస్థానము 2018లోనే కొండపచ్చికలపై రాత్రి బసను నిషేధించినది.

తోడుగా వచ్చువాడు దారిపొడవునను మాటలాడి నిశ్శబ్దమును చెఱచునని ఆ యువకుని ఆక్షేపణ. అట్లయిన మాటలాడనివానిని వెదకి, కనుచూపు దూరమున నడువుమని చెప్పుమంటిమి. తల్లి సమ్మతించినది. యువకుడు ఇంకను ఆలోచించుచున్నాడు.