పడకలూ, పడిగాపులూ

అమీర్‌పేటలో ఆటో యెక్కి "నిమ్స్‌కు పోనియ్యి బాబూ" అనండి. ఆటో అతను దారి అడగడు. "ఎవరికి బాగాలేదు సార్?" అని అడుగుతాడు. పంజాగుట్ట చౌరస్తా దాటేలోగా తన మేనమామ అక్కడ యెన్నాళ్లు వున్నాడో కూడా చెబుతాడు. ఆ ఆసుపత్రితో యేదో వొక చుట్టరికం లేని కుటుంబం ఈ వూళ్లో అరుదు.

1960లలో నిజాంగారి ధర్మనిధి పుణ్యమా అని అది ఎముకల ఆసుపత్రిగా వెలిసింది. రామారావుగారు ముఖ్యమంత్రిగా వుండగా, అమెరికాలో పేరు పొందిన కాకర్ల సుబ్బారావుగారిని రప్పించి పగ్గాలు అప్పగించారు. 1989లో శాసనసభ చట్టమూ చేసింది. కాళ్లూ చేతులూ విరిగినవారి కోసం పుట్టిన యిల్లు గుండెకూ, మెదడుకూ, మూత్రపిండాలకూ పెద్దదిక్కయింది. పెద్దదిక్కయిన యింటికి చుట్టాలెక్కువ గదా! జిల్లాల నుంచి రాత్రికి రాత్రి బయలుదేరే అంబులెన్సులు అక్కడికే తిరుగుతాయి. అత్యవసర విభాగంలో పడకలు దొరకడం లేదని పత్రికలు యేళ్ల తరబడి వ్రాస్తూనే వున్నాయి.

దానికి మందుగా 2023 జూన్ 14న, అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు ఎర్రమంజిల్‌లో 'దశాబ్ది' భవనానికి శంకుస్థాపన చేశారు. 2,000 పడకలు, 1,571 కోట్ల రూపాయలు అన్నారు. సంతోషమే. నాకు భవనాల మీద కోపం లేదు. కాని వొక చిన్న లెక్క చూడండి, మూడో తరగతి కుర్రవాడు చేసేదే.

అత్యవసర విభాగంలో 30 మంచాలున్నాయనుకోండి. వచ్చిన రోగికి ప్రాణం కుదుటపరచి నాలుగు గంటల్లో పై వార్డుకు పంపగలిగితే, రోజుకు 180 మందిని చూడవచ్చు. పైన ఖాళీ లేక ఆ రోగి రాత్రీ పగలూ అక్కడే వుండిపోతే, అవే 30 మంచాలు 30 మందికే సరి. డాక్టర్లు వాళ్లే, మందులు అవే. నూటయాభై మంది మాత్రం గుమ్మం బయట! కాబట్టి ఎమర్జెన్సీలో జబ్బు చాలాసార్లు ఎమర్జెన్సీలో వుండదు, మేడమీద వుంటుంది. కింద మరో పది మంచాలు వేస్తే వాటిమీదా పది మంది వుండిపోతారు, అంతే.

ఇది మన వొక్కరి బాధే అనుకోకండి. ఇంగ్లండులో, వచ్చిన ప్రతి వందమందిలో 95 మందిని నాలుగు గంటల్లోపల తేల్చి పంపాలని నియమం పెట్టుకున్నారు. 2015 తర్వాత దేశం మొత్తంమీద ఆ అంకె అందుకోలేకపోయారు. పైన పడకలు నిండి వుండడం అక్కడా వొక ముఖ్య కారణమే.

మరి పడకంటే యేమిటి? ఇనుప మంచమా? మూడు షిఫ్టులకు నర్సులూ, ఆక్సిజనూ, మూడుగంటల రాత్రివేళ పిలిస్తే పలికే డాక్టరూ వుంటేనే అది పడక. లేకపోతే సామాను. చిక్కల్లా, నర్సు ఉద్యోగానికి శంకుస్థాపన వుండదు. జీతాల పద్దుకు యెవరూ రిబ్బను కత్తిరించరు. భవనానికి డబ్బు వొకసారి యిస్తే చాలు, మనుషులకు ప్రతి నెలా యివ్వాలి. ఆర్థికశాఖవారికి రెండోది గిట్టదు కాబోలు. అత్యవసర వైద్యాన్ని పై చదువుగా మన దేశపు వైద్యమండలి గుర్తించిందే 2009లో. అంతదాకా యీ గదిలో పని యే శాఖవారికి వంతు వస్తే వారిది.

మనవైపు కూడా వొక సంగతి వుంది. ముందు వచ్చినవాడికి ముందు అనే న్యాయం సినిమా టిక్కెట్లకు సరే. నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు, హోదా చూడక గాయం తీవ్రతను బట్టి ముందెవరో నిర్ణయించేవాడట. జనరల్ అయినా, గుర్రాలు కాసేవాడైనా వొకటే. మనవాళ్లు స్ట్రెచర్ కన్నా ముందు సెల్‌ఫోన్ తీస్తారు. "ఫలానావారు మాట్లాడతారట, వినండి" అని డాక్టరు చెవికి ఆనిస్తారు.

చట్టానికి లోటు లేదు. ప్రమాదంలో గాయపడినవారికి పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. అత్యవసర చికిత్స జీవించే హక్కులో భాగమని 1996లో మళ్లీ చెప్పింది. 108 బండ్లు 2005 నుంచి తిరుగుతున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలు చేశారు.

ఆ పథకంలోకి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్.ఓ.సి. అనే కాగితం తెచ్చుకుంటారు. దానికి సాధారణంగా ఎమ్మెల్యేగారి సిఫారసు కావాలి. ఎమ్మెల్యేగారు నిద్రపోతారు, మెదడులో నెత్తురు గడ్డ నిద్రపోదు. ఆ నిధిలో కొంత ఆసుపత్రిలోనే వుంచి, రాత్రి రెండు గంటలకైనా సంతకం పెట్టే అధికారం అక్కడి డ్యూటీ అధికారికి యిస్తే యేం పోతుంది? ఒక బల్ల, ఒక కుర్చీ, రాత్రి మెలకువగా వుండే వొక గుమాస్తా. 1,571 కోట్లలో అదెంత?