పాతదన్న తీర్పు

పల్నాడు అనగానే పౌరుషం, సున్నపురాయి, ఎండ స్ఫురిస్తాయి. వీటిలో మొదటిదానికి కంప్యూటరుతో సంబంధం లేదు. తక్కిన రెండింటికీ చాలా ఉంది. నరసరావుపేటలోనో, మాచర్లలోనో ఒక మధ్యతరగతి ఇల్లు. పదేళ్ల కిందట కొన్న కంప్యూటరు. మే నెల మధ్యాహ్నం వేళ డిగ్రీ చదివే అమ్మాయి తన ప్రాజెక్టు నివేదికను టైపు చేస్తూ ఉంటుంది. ఇరవై నిమిషాలు గడిచేసరికి తెర మీది బాణం గుర్తు ఉన్నచోటనే నిలిచిపోతుంది. మీట నొక్కినా అక్షరం పడదు. మూలనున్న గడియారంలో అంకె మారదు. తండ్రి వచ్చి బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేస్తాడు. పది నిమిషాలకు మళ్లీ అదే పరిస్థితి. అప్పుడు ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్పు చెబుతారు: "పాతదైపోయింది, ఇక పనికిరాదు."

విచారణ లేకుండా వెలువడిన తీర్పు ఇది. వయసు ఒక్కటే ఏ యంత్రాన్నీ ఆపదు. ఆ వయసులో లోపల ఏదో ఒక భాగం అరిగి ఉండాలి, పూడిపోయి ఉండాలి, లేదా సడలి ఉండాలి. అది ఏదో తెలుసుకోకుండా యంత్రం మొత్తాన్ని వదిలివేయడం, చిల్లు ఎక్కడుందో చూడకుండా బిందెను పారవేయడం వంటిది. కంప్యూటరు వాడటం నేర్పుతున్న చదువులు అది ఎందుకు ఆగిందో వెదకడం నేర్పకపోవడం వల్లనే ఇటువంటి తీర్పులు ఇంటింటా వినబడుతున్నాయి.

ముందుగా ఎండ సంగతి. వేసవి వచ్చిందంటే అధిక ఉష్ణోగ్రతల వార్తల్లో రెంటచింతల పేరు వినబడుతూనే ఉంటుంది. పల్నాడులో పగటి వేడి 45 డిగ్రీలకు చేరే రోజులు కొత్తవి కావు. కంప్యూటరులోని ప్రాసెసరు పనిచేస్తున్నంతసేపూ వేడిని పుట్టిస్తుంది. దాని మీద లోహపు రేకుల దిమ్మ, ఆ దిమ్మ మీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ ఫ్యాను చల్లదనాన్ని సృష్టించలేదు. గదిలోని గాలిని రేకుల మధ్యకు తోసి, అక్కడి వేడిని బయటికి పంపడమే అది చేసే పని. గదిగాలి 27 డిగ్రీలుంటే ఒక తీరు, 42 డిగ్రీలుంటే మరొక తీరు. ఆ పదిహేను డిగ్రీల భారమూ లోపలి భాగాల మీదనే పడుతుంది. వేడి వంద డిగ్రీల సమీపానికి చేరినప్పుడు చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం నిలిచిపోతుంది. ప్రాసెసరుకూ దిమ్మకూ నడుమ పూసిన లేపనం ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బీటలు వారడం కూడా ఇందుకు తోడవుతుంది. ఆ లేపనం చిన్న గొట్టాలలో దొరుకుతుంది. పాతదాన్ని తుడిచి కొత్తది పూయడం అరగంట పని.

ఇక ధూళి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలలో సున్నపురాయి గనులూ, సిమెంటు కర్మాగారాలూ ఉన్నాయి. పత్తి పండే ఊళ్లలో గాలినిండా నూగు తేలుతుంది. కంప్యూటరు ఫ్యాను ఈ గాలినే లోనికి లాగుతుంది. రేకుల సందులలో నూగు చిక్కుకుంటుంది, దాని మీద సన్నని పొడి పేరుకుంటుంది. సున్నం కలిసిన ధూళి తేమను పీల్చుకొని గట్టిపడుతుంది కూడా. కొన్నేళ్లకు ఆ దిమ్మ మీద దుప్పటి కప్పినట్లవుతుంది. ఇది చాలదన్నట్లు, జనం సీపీయూ అని పిలిచే ఆ పెట్టెను బల్ల కింది ఇరుకు అరలో దూర్చి, పైన కుట్టుపని చేసిన గుడ్డ కప్పే ఇళ్లు ఎన్నో. ఒకప్పుడు కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవారు. ధూళి చేరకూడదన్న ఉద్దేశం మంచిదే. అంత భక్తి చూపిన యంత్రానికి ఊపిరాడుతున్నదో లేదో మాత్రం ఎవరూ చూడలేదు.

వేడి చేసే మరొక హాని కంటికి కనబడుతుంది. మదర్‌బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న స్థూపాలు కెపాసిటర్లు. వాటిలో ద్రవం నింపిన రకం, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుర్దాయంలో దాదాపు సగం కోల్పోతుందని ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు లెక్కగడతారు. 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో తయారైన బోర్డులలో నాసిరకం కెపాసిటర్లు చేరి ప్రపంచమంతటా వేలాది యంత్రాలు అర్ధాయుష్కులైనాయి. పైభాగం చదునుగా కాక పూరీలా ఉబ్బి ఉంటే, గోధుమరంగు ద్రవం కారి ఉంటే, జబ్బు అక్కడే ఉన్నది. టంకం వేయడం తెలిసినవాడు వాటిని కొద్దిపాటి ఖర్చుతో మార్చగలడు.

అయితే ఆగిపోయిన ప్రతి కంప్యూటరుకూ వేడే కారణమని అనుకోవడం కూడా మరొక తొందరపాటు. ఊళ్లోని పాతకాలపు వైద్యుడు నాడి పట్టుకొనే ముందు, జ్వరం ఏ వేళ వస్తున్నదని అడిగేవాడు. ఇక్కడ అడగవలసినదీ అదే. ఆన్ చేసిన పావుగంటకో అరగంటకో ఆగుతూ, చల్లారాక మళ్లీ కొంతసేపు నడిస్తే వేడిని అనుమానించాలి. వేళాపాళా లేకుండా, ఒకసారి ఆన్ చేయగానే, ఒకసారి రెండు గంటలకు ఆగితే ర్యామ్‌ను చూడాలి. హార్డ్ డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూ, లోపల టిక్కుటిక్కుమన్న చప్పుడు వినబడితే డిస్కు చివరి రోజుల్లో ఉన్నదని అర్థం. ఆగిపోకుండా దానంతట అదే ఆరిపోయి తిరిగి మొదలైతే విద్యుత్తు వైపు, అంటే ఎస్‌ఎంపీఎస్ వైపు, దృష్టి మళ్లించాలి. 2012, 2013 సంవత్సరాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా కరెంటు కోతలు తీవ్రంగా ఉన్న రోజుల్లో, వోల్టేజి హెచ్చుతగ్గులకు లోనైన యంత్రాలలో ఈ భాగమే బలహీనపడి ఉండే అవకాశం ఉంది.

పరీక్షకు పెద్ద సామగ్రి అక్కరలేదు. ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, పెట్టె పక్కరేకు విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. ర్యామ్ పలకను బయటికి తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో సుతారంగా రుద్ది మళ్లీ బిగించాలి. రెండు పలకలుంటే ఒక్కొక్కదానితో నడిపి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దానిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఒకసారికి ఒకే మార్పు చేయాలన్న నియమం అన్నిటికంటె ముఖ్యం. నాలుగూ ఒకేసారి మార్చితే యంత్రం నడవవచ్చు గాని, దేనివల్ల నడిచిందో తెలియదు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన మార్క్-2 గణనయంత్రం మొరాయించినప్పుడు, దానిని నడిపేవారు ఒక రిలేలో చిక్కుకున్న చిమ్మటను కనుగొన్నారు. దానిని తీసి లాగ్ పుస్తకంలో అంటించి, వివరం రాసిపెట్టారు. గది నిండిన యంత్రం చిన్న పురుగు వల్ల ఆగింది. వెదకినవారు ఉండబట్టి అది దొరికింది.

వెదకే ఓపిక లేనిచోట దానికి బదులు ఫార్మాట్ వచ్చి కూర్చుంది. కంప్యూటరు హ్యాంగ్ అవుతున్నదని దుకాణానికి తీసుకువెళ్తే, చాలాచోట్ల మొదటి మాట "ఫార్మాట్ కొడితే సరి". ర్యామ్‌లోనో ఫ్యానులోనో ఉన్న దోషానికి డిస్కును తుడిచివేయడం ఏ విధమైన చికిత్స? రెండు రోజులకు యంత్రం మళ్లీ ఆగుతుంది. ఈలోగా తాతగారి షష్టిపూర్తి ఫోటోలు, అమ్మాయి సగం రాసిన నివేదిక, ఏ యూనియన్ కోసమో అను ఫాంట్లలో టైపు చేసి దాచిన మహజర్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఇందులో మెకానిక్ ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. భాగం మార్చితే డబ్బు ఇచ్చేవారు, రెండు గంటలు ఆలోచించి "దుమ్ము దులిపాను, బాగైంది" అంటే ఇవ్వడానికి సందేహిస్తారు. ఆలోచనకు వెల కట్టని చోట ఫార్మాటే అమ్ముడవుతుంది. ఏ మరమ్మతుకైనా ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి ఎక్కించమని అడగడం ఇంటివారి బాధ్యత.

నిజంగానే కాలం చెల్లే విషయాలూ ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో తయారీ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. అటువంటి వ్యవస్థతో ఇంటర్నెట్‌లోకి వెళ్లడం, ముఖ్యంగా బ్యాంకు పనులు చేయడం, ప్రమాదం. కాని అది భద్రతకు సంబంధించిన సమస్య. యంత్రం స్తంభించడానికీ దానికీ ముడిపెట్టరాదు. 1991లో మొదలైన లినక్స్ కుటుంబంలో పాత యంత్రాలకు సరిపడే తేలిక వ్యవస్థలు ఉచితంగా లభిస్తున్నాయి. వాటిలో తెలుగులో టైపు చేయవచ్చు. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చితే, నత్తనడక నడిచే యంత్రం కూడా చురుకుగా మారుతుంది. ప్రాసెసరో మదర్‌బోర్డో పూర్తిగా పాడైతే, దానికి పెట్టే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, వదులుకోవడమే వివేకం. వదులుకోరాదని ఎవరూ అనరు. తెలిసి వదులుకోవాలి.

వదిలిన తర్వాత అది ఎక్కడికి వెళ్తుందన్నదీ ఆలోచించవలసినదే. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగయ్యాయి. వాటిలో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి పంపినట్లు నమోదైనది నాలుగో వంతు కూడా లేదు. తయారీదారులే ఈ వ్యర్థాలకు బాధ్యత వహించాలన్న నియమాన్ని భారతదేశం 2011లో రూపొందించి 2012 మే నుంచి అమలుచేసింది. కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చాయి. అయినా గురజాల వీధిలో పాత సామాన్ల బండి వచ్చినప్పుడు, పాత మానిటరు కిలోల లెక్కన తూకానికి ఎక్కుతూనే ఉంది. దాని గాజులో సీసం ఉన్నదని తూచేవాడికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ఆ బండి మీద పెట్టేముందు కనీసం హార్డ్ డిస్కునైనా విప్పి ఇంట్లో ఉంచుకోవాలి. ఆగిపోయిన కంప్యూటర్లలో ఎన్నో డిస్కులు మరొక యంత్రానికి తగిలిస్తే ఇప్పటికీ తెరుచుకుంటాయి. అమ్మాయి నివేదిక అందులోనే ఉండవచ్చు.