వాయిదా పిరికితనమా?

వర్షము వలన ఫుట్‌బాల్ పోటీని వాయిదా వేయుట పిరికితనమని కొందరి అభిప్రాయము. మేము దానితో ఏకీభవించలేము.

1974 జూలై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీ, పోలండు జట్ల ప్రపంచ కప్ పోటీకి ముందు కుంభవృష్టి కురిసినది. ఫైనల్‌కు నాలుగు దినములే గడువు. అగ్నిమాపక దళము నీరు తోడిన పిదప, కొంత ఆలస్యముగా, ఆనాడే ఆడించిరి. బంతి నీటిలో నిలిచిపోయినది. ఫైనల్ చేరుటకు జర్మనీకి డ్రా చాలును. పోలండుకు గెలుపే శరణ్యము. వేగమే ప్రాణమైన పోలండు 0–1తో ఓడినది. తడి నేల ఇరువురికీ ఒక్కటే. నష్టము మాత్రము సమానము కాదు.

క్రీడాకారుడు ప్రత్యర్థితో పోరాడవలెను గాని బురదతో కాదు. మన క్రీడా సంఘము సైతము అతిథుల సౌకర్యము కంటె నేల స్థితినే ముందు చూడవలెనని మా మనవి.